ఖాళీ వ్యాన్ ఎందుకు ఎగిరిపడుతుంది? ఫోన్‌తో సస్పెన్షన్ పాఠం

ఈసారి ఫోన్ రివ్యూ కాదు, ఫోన్‌తో చేసిన టెస్ట్. చొప్పదండిలో మా కాక చిన్న ఎలక్ట్రిక్ వ్యాన్‌లో కరీంనగర్ నుంచి ఫ్రిజ్‌లు, టీవీలు తెస్తడు. లోడుతో మెత్తగా పోతది, ఖాళీగా పోతే మాత్రం ప్రతి గుంతలో వెనక భాగం ఎగిరిపడుతది. "ఇంకో కమాన్ పట్టీ వేద్దాం, లోడు కూడా ఎక్కువ పడుతది" అన్నడట మెకానిక్. వేయించాల్నా వద్దా? కాక నన్నడిగిండు.

టేపుతో కొలిచాం. 450 కిలోలు ఎక్కిస్తే వెనక 6 సెం.మీ. దిగింది. అంటే 75 కిలోలకు 1 సెం.మీ. ఖాళీ బండిలో వెనక స్ప్రింగుల మీద 300 కిలోలు ఉంటాయనుకుంటే, వంపు 4 సెం.మీ.; లోడుతో 10. ఇప్పుడు 5ని ఆ సెంటీమీటర్ల వర్గమూలంతో భాగించండి. ఖాళీగా సెకనుకు 2.5 ఊపులు, లోడుతో దాదాపు 1.6. మామూలు కార్లలో ఇది 1 నుంచి 1.5 వరకే. అందుకే ఖాళీ బండి అంత గట్టిగా కొడుతుంది.

పట్టీ వేసి స్ప్రింగ్‌ను 25 శాతం గట్టి చేస్తే? ఖాళీగా వంపు 3.2 సెం.మీ., ఊపులు 2.8. అంటే సమస్య ఇంకా పెరుగుతుంది. పైగా యాక్సిల్, బ్రేకులు, టైర్ల సామర్థ్యం మాత్రం అంతే ఉంటుంది. ఇంకో విషయం: కాక వ్యాన్‌లో మోటార్ తిప్పేది వెనక చక్రాలనే. అవి రోడ్డును వదిలితే బ్రేకింగ్‌లో తిరిగొచ్చే కరెంటు కూడా తగ్గుతుంది.

పెద్ద కంపెనీలు దీన్ని డిజైన్‌లోనే పట్టించుకున్నాయి. డీజిల్ ఫోర్డ్ ట్రాన్సిట్‌లో వెనక కమాన్ పట్టీలుంటే, ఈ-ట్రాన్సిట్‌లో కాయిల్ స్ప్రింగులతో ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టారు. మోటార్ చక్రాలతో పాటు ఎగరదు, ఛాసిస్ వైపే ఉంటుంది. చక్రంతో కదిలే బరువు తగ్గితే టైరు రోడ్డును బాగా పట్టుకుంటుంది.

తర్వాత ఫైఫాక్స్ యాప్ ఆన్ చేసి, ఫోన్‌ను వెనక యాక్సిల్ పైన డెక్‌కు టేపుతో అంటించి, బండిని కిందికి నొక్కి వదిలాం. ఒకటి రెండు ఊపుల్లో ఆగాల్సింది ఐదారు ఊగింది. కిందికి వంగి చూస్తే ఒక షాక్ అబ్జార్బర్ నుంచి ఆయిల్ కారుతోంది!

రెండు వైపులా షాక్‌లు మార్పించాం. లెక్క ప్రకారం ఖాళీ బండి ఇప్పటికీ గట్టిదే, కానీ గుంత దాటాక వెంటనే కుదురుకుంటోంది. పట్టీ మాత్రం వేయించలేదు. కాబట్టి ఫ్రెండ్స్, స్ప్రింగ్ మీద చెయ్యి వేసే ముందు షాక్ చూడండి.