రోబో ఆపరేషన్ – ఇంటివారు తెలుసుకోవలసిన విషయాలు

"సిస్టరుగారూ, పొలం అమ్మైనా సరే నాన్నకు రోబోతోనే చేయిస్తాం. అలా చేస్తే జబ్బు మళ్ళీ రాదటగా?" ప్రొస్టేట్ క్యాన్సర్ రోగుల పిల్లలు మమ్మల్ని తరచు ఇలా అడుగుతుంటారు. అప్పు చేసే ముందు దీనికి జవాబు తెలుసుకోవడం మంచిది.

రోబో తనంతట తాను ఆపరేషన్ చేయదు. డాక్టరుగారు యంత్రం ముందు కూర్చుని, లోపలి భాగాలను పెద్దవిగా చూస్తూ, దాని చేతులను నడిపిస్తారు. పొట్టమీద పెద్ద కోత బదులు చిన్న రంధ్రాలు సరిపోతాయి.

దీనివల్ల లాభం ఎంత?

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 326 మందిని, చీటీలు తీసినట్లుగా, రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు కోత ఆపరేషన్, రెండవ గుంపుకు రోబో ఆపరేషన్ అని నిర్ణయించారు. ఫలితాలు 2016లోను, 2018లోను వెలువడ్డాయి. రోబో గుంపులో రక్తస్రావం సుమారు మూడోవంతే. ఆసుపత్రిలో ఉన్నది సగటున ఒకటిన్నర రోజు. కోత గుంపువారు మూడు రోజులకు పైగా ఉన్నారు. కాని మూత్రం పట్టు, దాంపత్య శక్తి విషయంలో 12 వారాలకు గాని, రెండేళ్ళకు గాని చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. క్యాన్సర్ అదుపు విషయంలో ఈ ఒక్క అధ్యయనంతో రోబోయే మేలని తేల్చలేము.

కాబట్టి యంత్రం కన్నా దానిని నడిపే చేయి ముఖ్యం.

డాక్టరుగారిని ఇలా అడగండి:
1. ఇప్పుడే ఆపరేషన్ అవసరమా? మెల్లగా పెరిగే రకమైతే పరీక్షలు చేస్తూ గమనించవచ్చా?
2. మీరు ఇటువంటివి ఎన్ని చేశారు?
3. ఏడాది తరువాత మీ రోగులలో ఎంతమందికి మూత్రం కారడం లేదు?

ఇంటికి వచ్చాక

మూత్రపు గొట్టం సాధారణంగా వారం, పది రోజులకు తీస్తారు. ఆ తరువాత దగ్గినా, లేచినా మూత్రం కారవచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. కొందరికి ఏడాది పడుతుంది, కొద్దిమందికి మిగిలిపోతుంది. మూత్రం ఆపుకొంటున్నట్లు కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్చుకుని రోజూ చేయించండి. పి.ఎస్.ఎ. రక్తపరీక్షలు మానకండి. జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా, పిక్క వాచినా వెంటనే ఆసుపత్రికి రండి.

పక్క తడిసిందని పెద్దాయనను విసుక్కోకండి. సిగ్గుతో నీళ్ళు తాగడం మానేసేవారిని, గడప దాటనివారిని మేము చూస్తుంటాము. మడిచిన పాతబట్టలో, ప్యాడ్‌లో ఆయన మంచం పక్కన అడగకుండానే పెట్టండి. ఆ పని ఏ రోబో చేయలేదు.