డచ్చి వ్యాధి – ఆచార్య మాక్స్ కార్డెన్ పరిశోధన

భూగర్భంలో నిక్షేపం బయటపడితే దేశ దారిద్ర్యం తీరినట్లేనని సామాన్యంగా అందరూ భావిస్తారు. 1959లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ప్రాంతంలో అపారమైన సహజవాయువు కనుగొనబడినపుడు డచ్చివారు కూడ అట్లే సంతోషించారు. వాయువు ఎగుమతుల వలన విదేశద్రవ్యం వెల్లువగా వచ్చింది. వారి నాణెమైన గిల్డర్ విలువ పెరిగింది. కాని 1970 దశకంలో అక్కడి కర్మాగారాలలో పనివారి సంఖ్య తగ్గజొచ్చింది. ఈ విపరీతానికి 1977లో లండన్ పత్రిక ‘ది ఎకానమిస్ట్’ డచ్చి వ్యాధి అని నామకరణం చేసింది. పేరు పెట్టడం సులభమే. ఆ వ్యాధి ఏ మార్గాన సంక్రమిస్తుందో శాస్త్రీయంగా నిరూపించిన ఘనత మాక్స్ కార్డెన్, ఆయన సహచరుడు పీటర్ నియరీలది.

కార్డెన్ 1927లో నాటి జర్మనీలోని బ్రెస్లా నగరంలో, యూదు కుటుంబంలో జన్మించారు. నాజీల పీడన నుండి తప్పించుకొని ఆ కుటుంబం 1939లో ఆస్ట్రేలియా చేరింది. మెల్బోర్న్‌లో పట్టభద్రులై, లండన్‌లో డాక్టరేటు పొందిన కార్డెన్ తొలుత పరిశోధించినది దిగుమతి సుంకాలను గురించి. వస్త్రంపై సుంకమెంతో చూస్తే చాలదు, ఆ వస్త్రానికి కావలసిన నూలుపై సుంకమెంతో కూడ చూడాలి, అప్పుడే నేతపరిశ్రమకు లభించే నిజమైన రక్షణ తెలుస్తుందని 1966లో ఆయన వివరించారు. ఒకరికి కలిగిన లాభపు భారం మరెవరిపై పడుతున్నదో వెదకే ఈ అలవాటే తరువాతి కృషికి పునాది అయినదని నా అభిప్రాయం.

1982లో ‘ఎకనామిక్ జర్నల్’లో కార్డెన్, నియరీ ప్రకటించిన వ్యాసంలో దేశ ఆర్థికవ్యవస్థ మూడు భాగాలుగా కనిపిస్తుంది: ఉప్పొంగుతున్న ఖనిజరంగం, విదేశాలతో పోటీపడే ఇతర ఉత్పత్తులు, దిగుమతి చేసుకొనుటకు వీలులేని సేవలు. ఖనిజరంగం అధిక వేతనాలతో పనివారిని తనవైపు లాగుకొంటుంది. ఇది మొదటి ప్రభావం. అయితే చమురు, వాయువుల వెలికితీతకు మనుషులు అంతగా అక్కరలేదు గనుక రెండవదే బలమైనది. కొత్త ఆదాయం చేతికందిన ప్రజలూ ప్రభుత్వమూ ఖర్చు పెంచుతారు. ఇంటి అద్దె, తాపీపని, వైద్యుని రుసుము పెరుగుతాయి; వాటితోపాటు అన్నిచోట్లా కూలి పెరుగుతుంది. కర్మాగారం యజమాని కూడ ఎక్కువ కూలి ఇవ్వక తప్పదు. కాని అతని సరుకు ధరను నిర్ణయించేది ప్రపంచ విపణి. అందుచేత ధర పెంచలేడు. నాణెపు విలువ పెరిగితే ఎగుమతి మీద చేతికి వచ్చేది ఇంకా తగ్గుతుంది. నష్టానికి మూలం అతని సోమరితనమూ కాదు, అసమర్థతా కాదు.

ఈ తర్కాన్నే తరువాతి పరిశోధకులు ప్రవాసులు స్వదేశానికి పంపే ధనానికీ అన్వయించారు. గల్ఫ్ దేశాలలో శ్రమించే తండ్రులూ అన్నలూ పంపిన సొమ్ముతో చదువుకొనే విద్యార్థులు తమ ఊరిలో ఇండ్ల స్థలాల ధరలను, చిన్న పరిశ్రమల స్థితిని ఈ దృష్టితో పరిశీలించవచ్చును.

ఇంతకూ దీనిని వ్యాధి అనవచ్చునా? కార్డెన్ తొందరపడలేదు. దేశాదాయం మొత్తంమీద పెరుగుతుంది. అయితే వెనుకబడిన రంగంవారు నష్టపోతారు. చైనాకు ఇనుప ఖనిజం, బొగ్గు ఎగుమతులతో ఆస్ట్రేలియా డాలరు బలపడిన కాలంలో, 2012లో, ఎనుబదియైదేండ్ల ప్రాయంలో ఆయన మరల ఈ సమస్యపై వ్యాసం వ్రాశారు. కుంటుపడిన ఒక్కొక్క పరిశ్రమకు విడివిడిగా రక్షణ కల్పిస్తే ఆ భారం పోటీలోనున్న మరొక పరిశ్రమపై పడుతుందని హెచ్చరించారు. ప్రభుత్వం మిగులు బడ్జెటుతో కొంత ధనాన్ని విదేశాలలో నిలువచేసే మార్గాన్ని కూడ చర్చించారు. నార్వే అట్టి నిధికి 1990లోనే చట్టం చేసుకొన్నది.

ఆయన నమూనాలో ఒక లోపమున్నది. ఖనిజధనాన్ని పాలకులు అపహరిస్తే ఏమగును? దాని కొరకు అంతర్యుద్ధాలు చెలరేగితే? ఈ ప్రశ్నలకు అందులో చోటు లేదు. 1993లో ‘వనరుల శాపం’ అను మాటను ప్రచారంలోనికి తెచ్చిన రిచర్డ్ ఆటీ మొదలైనవారు ఆ దిక్కున పరిశోధన సాగించారు.

వాయువు తీయుటవలన కలిగిన భూప్రకంపనలతో ఇండ్లు బీటలువారగా గ్రోనింగెన్ క్షేత్రంలో ఉత్పత్తి 2023లో నిలిపివేయబడింది. కార్డెన్ మరణించినదీ ఆ సంవత్సరమే.