ఆహారం - సూక్ష్మజీవులు - మన బాధ్యత

అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెద్దల మాట. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దానినే 'రిజ్కు' అని గౌరవంతో పిలుస్తారు. పేరు ఏదైనా ప్రాణాన్ని నిలిపేది అన్నమే. అట్టి అన్నమే ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకం కావడానికి కారణమేమిటో విద్యార్థిలోకం గ్రహించడం అవసరం.

కలుషితాహారం వల్ల ప్రపంచంలో ఏటా 60 కోట్ల మంది అస్వస్థులవుతున్నారనీ, 4 లక్షల 20 వేల మంది మరణిస్తున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. మృతులలో 1 లక్షా 25 వేల మంది అయిదేళ్ళ లోపు పసివారు. ఇందులో సాల్మొనెల్లా, ఇ. కోలై వంటి బాక్టీరియాల పాలు గణనీయమైనది.

ఇది ఎక్కడో దూరదేశాల సమస్య కాదు. 2022 జూలైలో, మనకు గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న బాసర ట్రిపుల్ ఐటీలో మధ్యాహ్న భోజనం చేసిన విద్యార్థులు పెద్ద సంఖ్యలో వాంతులు, విరేచనాలతో అస్వస్థులయ్యారు. ఇక నందిపేట్ వంటి గ్రామాలలో ఇంటింటా వచ్చే విరేచనాలు ఏ లెక్కకూ ఎక్కవు. 'ఎండ దెబ్బ' అని సరిపెట్టుకుంటాం. కాని బీడీలు చుట్టే తల్లి మూడు రోజులు మంచం పడితే ఆ ఇంటికి మూడు రోజుల కూలి పోయినట్లే. రోగభారమంటే మరణాల సంఖ్య మాత్రమే కాదు.

వండిన పదార్థం గోరువెచ్చగా నిలిచి ఉంటే కొన్ని బాక్టీరియాలు ఇరవై నిమిషాలకొకసారి రెండింతలవుతాయి. ఆ లెక్కన ఒక్క సూక్ష్మజీవి ఏడు గంటలలో ఇరవై లక్షలు దాటుతుంది. తెల్లవారుజామున వండి, గంజులలో మూతపెట్టి, మధ్యాహ్నం దాటాక వడ్డించే విందులలో జరిగే ప్రమాదం ఇదే.

'మళ్ళీ వేడిచేస్తే సరిపోతుంది' అనేది మనలో బలంగా ఉన్న అపోహ. వంటవాని చేతి పుండు నుండి ఆహారంలో చేరే స్టెఫిలోకాకస్, నిలువ ఉన్న అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియాలు విషపదార్థాలను విడుదల చేస్తాయి. మరిగిస్తే బాక్టీరియా చావవచ్చు. ఆ విషం మాత్రం నశించదు. రుచి, వాసన మారకపోవచ్చు కూడా. కనుక వండిన వెంటనే తినడం, లేదా పొగలు కక్కేంత వేడిగా ఉంచడం, లేదా రెండు గంటలలోపు చల్లని చోట భద్రపరచడమే మార్గం.

విరేచనాలు మొదలైతే శరీరం నీటిని, లవణాలను కోల్పోవడమే తొలి ప్రమాదం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, లవణాలు కలిపిన నీటిని త్రాగించి ఎందరో ప్రాణాలు కాపాడారు. ఇంట్లో ఓ.ఆర్.ఎస్. పొట్లం లేనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించాలి. చెంచా అంటే తలకొట్టిన టీ చెంచా. చక్కెర కర్మాగారంతో పేరొందిన బోధన్ ప్రాంతీయులం, ఆ చక్కెరకు గల ఈ గుణాన్ని మరువరాదు. జ్వరమున్నా, మలంలో రక్తం కనిపించినా, రోగి పసిబిడ్డ అయినా వెంటనే వైద్యుని ఆశ్రయించాలి.

కళాశాల కార్యవర్గానికి ఒక విన్నపం. వార్షికోత్సవ విందునాడు వంటశాల వద్ద సబ్బు, నీరు ఉంచండి. చేతికి పుండు ఉన్నవారికి ఆనాడు వేరే పని అప్పగించండి. వంట ముగిసే వేళను వడ్డించే వేళకు దగ్గర చేయండి. ఖర్చు స్వల్పం, ఫలితం అమూల్యం. విద్యార్థులారా! ఈ పాఠం పరీక్ష కోసం కాదు. దీనిని మీ ఇంటి వంటగదికి చేర్చండి.