కాబోయే పంతులమ్మకు పెద్దమ్మ ఉత్తరం

చి. అమ్మాయికి,



ఇంగ్లండ్‌లో ఫిజిక్స్ టీచర్ శిక్షణకు నీకు సీటు ఖాయమైందనీ, సెప్టెంబరులో చేరుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. ఫీజులు, గది అద్దెలు, తెచ్చుకోవలసిన పచ్చళ్ళ సంగతి చెప్పడానికి నీకు చాలామంది ఉన్నారు. బడి లోపలి సంగతి మాత్రం నేను చెప్పాలి. ఈ దేశపు బడుల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, నీలాంటి ట్రైనీలకు మెంటర్‌గా పనిచేసినదాన్ని.

ఈ ఏడాదంతా నువ్వు నేర్చుకోవలసింది ముఖ్యంగా ఒక్కటే తల్లీ. నువ్వెంత బాగా చెప్పావన్నది పక్కన పెట్టి, పిల్లలకు ఎంత అందిందో చూసుకోవడం. మిగతావన్నీ దాని కోసమే.

ముందు కాగితాల పని. నీ ఆఫర్ లెటర్‌లో పీజీసీఈ అనే టీచరు శిక్షణ సర్టిఫికెట్‌తో పాటు క్యూటీఎస్ అని కూడా ఉందో లేదో చూసుకో. క్యూటీఎస్ అంటే అర్హత గల టీచరుగా ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు. కొన్ని కోర్సులు పీజీసీఈ మాత్రమే ఇస్తాయి, ఈ గుర్తింపు ఇవ్వవు. విదేశీ విద్యార్థులకు ఈ తేడా చేరాక గాని తెలియకపోతే చాలా నష్టం. ఏడాది కోర్సులో కనీసం 120 రోజులు బడిలోనే గడపాలి, కనీసం రెండు బడుల్లో పనిచేయాలి. నీ పనిని టీచర్స్ స్టాండర్డ్స్ అనే ప్రమాణాలతో కొలుస్తారు. బోధనకు సంబంధించినవి ఎనిమిది, వాటితో పాటు టీచరు నడవడిపై మరో భాగం ఉంటుంది. వాటిని మొదటి వారంలోనే చదువు. కోర్సు ముగిశాక ఉద్యోగంలో చేరితే, తొలి రెండేళ్ళూ ఇండక్షన్ ఉంటుంది. అప్పుడు కూడా నీకు మెంటర్ ఉంటారు, మిగతావాళ్ళకంటే కొన్ని పీరియడ్లు తక్కువ ఇస్తారు.

బడిలో అడుగుపెట్టే ముందే నేర రికార్డు తనిఖీ చేస్తారు. దాన్ని డీబీఎస్ అంటారు. మన దేశం నుంచి పోలీసు క్లియరెన్స్ కూడా అడగవచ్చు, ముందే తీసి పెట్టుకో. పిల్లల భద్రతకు ఇక్కడ ఇచ్చే ప్రాధాన్యం నువ్వు మనసు పెట్టి నేర్చుకోవలసిన విషయం. ఏ పిల్లో నీ దగ్గరకు వచ్చి, "మిస్, ఒక సంగతి చెప్తాను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అంటే, ఆ మాట ఇవ్వకు. "నీకు సాయం చేయగలవాళ్ళకు చెప్పాల్సి రావచ్చు" అని మెల్లగా చెప్పి, ఆమె చెప్పేదంతా విను. గుచ్చి గుచ్చి అడగవద్దు. విన్నది విన్నట్టు రాసి, ఆలస్యం చేయకుండా ఆ బడిలో భద్రత బాధ్యత చూసే టీచరుకు అందించు. పిల్లల ఇంటి సంగతులు మనకెందుకులే అనుకునే అలవాటు మన దగ్గర ఉంది. ఇక్కడ అలా ఊరుకోవడం తప్పు. మన దగ్గర కూడా తప్పే కావాలి.

ఇక తరగతి గది. విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పావు. వాళ్ళకు ర్యాంకు కావాలి, అందుకే నోరెత్తకుండా రాసుకున్నారు. ఇక్కడ నీ ముందుండేది 11 ఏళ్ళ నుంచి 16 ఏళ్ళ పిల్లలు. ఇయర్ 7 అంటే దాదాపు మన ఆరో తరగతి వయసు. నువ్వు లోపలికి రాగానే లేచి నిలబడే ఆనవాయితీ చాలా బడుల్లో లేదు. దాన్ని అమర్యాద అనుకోకు. ఒకడు కిటికీలోంచి చూస్తాడు, ఒకతె "ఇది మాకెందుకు మిస్?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోకు. నిజంగానే జవాబు చెప్పు. ఫిజిక్స్ ఎందుకో చెప్పలేని టీచరు దగ్గర ఏ పిల్లా ఫిజిక్స్ నేర్చుకోదు.

చేయి చేసుకోవడం ఇక్కడి ప్రభుత్వ బడుల్లో 1987లోనే ఆగిపోయింది. మన దేశంలోనూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అయినా దెబ్బ లేకపోతే చదువు రాదనే మాట మన ఊళ్ళలో ఇంకా వినబడుతుంది. దెబ్బ లేకుండా ముప్పై మంది పిల్లల తరగతి ఎలా నడుస్తుందో నువ్వు ఇక్కడ దగ్గరగా చూస్తావు. అందులో మాయ ఏమీ లేదు. గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పలకరించడం, వాళ్ళు కూర్చునేసరికి బోర్డు మీద పని సిద్ధంగా ఉంచడం, ఎవరి పక్కన ఎవరో ముందే నిర్ణయించి ఉంచడం. మందలించాల్సి వస్తే బడి పెట్టిన నియమం ప్రకారం, అందరికీ ఒకేలా, గొంతు పెంచకుండా మందలించడం. ఈరోజు చూసీ చూడనట్టు వదిలేసి రేపు మండిపడే టీచరును పిల్లలు నమ్మరు. పేర్లు మాత్రం మొదటి రెండు వారాల్లో నేర్చుకో. సోమాలియా, పోలండ్, పాకిస్తాన్, జమైకా మూలాలున్న పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. వాళ్ళ పేరు ఎలా పలకాలో వాళ్ళనే అడుగు. నీ పేరు కూడా సరిగ్గా పలకడం నేర్పు. దానికి మొహమాటం అక్కర్లేదు.

పాఠం మధ్యలో "అర్థమైందా?" అని అడిగితే ప్రపంచంలో ఎక్కడైనా పిల్లలు "అయింది" అనే అంటారు. ఆ ప్రశ్న వల్ల నీకు తెలిసేదేమీ లేదు. దాని బదులు ఇలా చెయ్యి. ఒక బ్యాటరీకి రెండు బల్బులు ఒకదాని తర్వాత ఒకటి కలిపిన బొమ్మ గీసి, "మొదటి బల్బు దాటాక కరెంటు తగ్గుతుందా, పెరుగుతుందా, అంతే ఉంటుందా?" అని అడుగు. జవాబు చిన్న తెల్ల పలకల మీద రాసి, అందరినీ ఒకేసారి ఎత్తి చూపించమను. ఇక్కడ దాదాపు ప్రతి బడిలో ఆ పలకలుంటాయి. కరెంటు సూత్రాన్ని నిన్న తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లలే చాలామంది "తగ్గుతుంది" అని రాస్తారు. మొదటి బల్బు కొంత కరెంటును వాడేసుకుంటుందని వాళ్ళ నమ్మకం. పిల్లలు ఖాళీ బుర్రలతో బడికి రారనీ, ప్రకృతి గురించి తమ సొంత ఊహలతో వస్తారనీ లీడ్స్ విశ్వవిద్యాలయంలో రోజలిండ్ డ్రైవర్ పరిశోధించి చూపింది. ఆమె పుస్తకం 1983లో వచ్చింది. మనం చెప్పిన సూత్రం నోట్సులో ఉంటుంది, పాత నమ్మకం మనసులోనే ఉండిపోతుంది. రెండు అమ్మీటర్లు పెట్టి, రెండు చోట్లా కరెంటు ఒకటే అని వాళ్ళ కళ్ళతోనే చూడనివ్వు. అప్పుడు కదులుతుంది ఆ నమ్మకం.

ప్రశ్న వేశాక ఆగడం కూడా నేర్చుకోవాలి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతుల్ని గమనించి, టీచర్లు సగటున ఒక్క సెకనుకు మించి ఆగడం లేదని గుర్తించింది. 3 సెకన్లు ఆగితే చాలు, జవాబులు పొడవవుతాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు మాట్లాడతారు. తరగతిలో 3 సెకన్ల నిశ్శబ్దం చాలా పెద్దదిగా అనిపిస్తుంది. దాన్ని ఓర్చుకో. 1998లో లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన పాల్ బ్లాక్, డిలన్ విలియం పాఠం నడుస్తుండగానే పిల్లల అవగాహనను కనిపెట్టి, దాన్ని బట్టి బోధన మార్చుకోవడం గురించి రాశారు. ఇక్కడి టీచర్ల పనితీరు మీద ఆ రచన ప్రభావం చాలా ఉంది. కోర్సులో ఎలాగూ చదివిస్తారు, పరీక్ష కోసం కాకుండా నీ కోసం చదువు.

ప్రయోగాల సంగతి. ఇక్కడ ల్యాబ్ టెక్నీషియన్లు ఉంటారు. నీకు కావలసిన సామాను, ఎన్ని సెట్లు, ఏ పీరియడుకు అన్నది కొన్ని రోజుల ముందే రాసి ఇవ్వాలి. వాళ్ళకు పిల్లల గురించీ, పరికరాల గురించీ నీకంటే ఎక్కువ తెలుసు. గౌరవంగా అడుగు, తప్పకుండా థాంక్స్ చెప్పు. ప్రతి ప్రయోగానికీ ప్రమాదాల అంచనా ఉండాలి. దానికి క్లీప్స్ అనే సంస్థ సూచనలు బడుల్లో వాడతారు. ఏ ప్రయోగమైనా పిల్లల ముందు పెట్టే ముందు నీ చేత్తో ఒకసారి చేసి చూడు.

భాష గురించి భయపడకు. నీ యాస మార్చుకోనక్కర్లేదు. నిదానంగా మాట్లాడు, కొత్త పదం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రాయి. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లలకు అదే పెద్ద సాయం. లెక్కల దగ్గర మాత్రం ఒకటి గుర్తుంచుకో. మనం "త్రీ ఇంటూ ఫోర్" అని హెచ్చవేస్తాం, ఇక్కడి పిల్లలకు ఇంటూ అంటే భాగహారం. "త్రీ టైమ్స్ ఫోర్" అను.

మెంటర్‌తో వారం వారం కూర్చుంటావు. ఆమె నీ పాఠం చూసి, బాగున్నవీ, మార్చుకోవలసినవీ రాసి ఇస్తుంది. దాన్ని మాట పడ్డట్టు తీసుకోకు. నెమ్మదిగా, "ఇలా చేస్తే ఎలా ఉంటుందో చూడరాదూ" అన్న ధోరణిలో ఉంటుంది ఆమె మాట. అది చేసి తీరవలసిన పని, వచ్చేవారం అదే చూస్తుంది. పెద్దవాళ్ళను ఎదురు ప్రశ్నించకూడదన్న పెంపకం మనది. ఇక్కడ నువ్వు అడగకపోతే తెలుసనే అనుకుంటారు. తెలియనిది అడుగు. కుదిరినప్పుడల్లా వేరే టీచర్ల తరగతుల్లో వెనక కూర్చో. టీచరును కాకుండా, ఒక్క పిల్లను ఎంచుకుని పీరియడంతా ఆమెనే గమనించు. బోధన గురించి అంతకంటే బాగా నేర్పేది మరొకటి లేదు.

నీ ఒంటి సంగతి కూడా ఈ శిక్షణలో భాగమే. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. చీకట్లో వెళ్ళి చీకట్లో ఇంటికి వస్తావు, అప్పుడు దిగులు కమ్ముకుంటుంది. ఆ దిగులుతో నాకీ పని రాదేమో అని నిర్ణయాలు తీసుకోకు. మధ్యాహ్నం పది నిమిషాలైనా బయట నడువు. శీతాకాలంలో రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోవాలని ఇక్కడి ఆరోగ్య శాఖ సూచిస్తుంది. మన రంగు వాళ్ళు ఏడాది పొడవునా వేసుకోవడం మంచిదంటుంది. స్టూడెంట్ వీసా మీద టర్మ్‌లో వారానికి 20 గంటలు పనిచేయవచ్చని, సాయంత్రాలు షాపులో ఉద్యోగానికి ఒప్పుకోకు. పాఠాల తయారీకి, దిద్దడానికి నీకు రాత్రులే చాలవు. డబ్బు ఇబ్బంది ఉంటే నాకు చెప్పు. పండగ పూట టివిడేల్ వెంకటేశ్వరుడి గుడికి వెళ్దువుగాని, మనవాళ్ళూ కలుస్తారు. కానీ రోజూ టీ విరామంలో స్టాఫ్ రూములో కూర్చో. నీ పని సాఫీగా సాగేది అక్కడ నీకు దొరికే స్నేహాల వల్లే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇక్కడి బడులు చూసి మన చదువులన్నీ దండగ అనుకోకు. 1789లో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, మన పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. పెద్ద పిల్లల చేత చిన్నవాళ్ళకు చెప్పించే పద్ధతిని తన ఆశ్రమంలో నడిపి, 1797లో దాని గురించి లండన్‌లో పుస్తకం వేశాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఈ దేశపు బడుల్లోకి వచ్చింది. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఎ.డి. క్యాంబెల్, 1823లో బళ్ళారి కలెక్టరుగా అక్కడి బడుల మీద నివేదిక రాశాడు. ఆ జిల్లాలో తెలుగు బడులూ చాలా ఉండేవి. తక్కువ ఖర్చుతో రాత నేర్పే తీరును, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పే తీరును మెచ్చుకుని, ఇంగ్లండ్ వాటిని అనుసరించడం సబబే అన్నాడు. అదే నివేదికలో, పిల్లలు అర్థం తెలియకుండా పద్యాలు వల్లెవేస్తున్నారని కూడా రాశాడు. రెండూ నిజమే. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ రెండోది మనల్ని వదల్లేదు. నీకున్న లెక్కల పట్టు, ఓపికగా సాధన చేయించే గుణం మన చదువు ఇచ్చినవే. వాటిని ఇక్కడ వాడు. పిల్లల ఆలోచన బయటికి తీయడం ఇక్కడ నేర్చుకో.

ఆఖరుగా ఒక కోరిక. ఇంగ్లండ్‌లో ఫిజిక్స్ టీచర్లకు కొరత ఉంది. చాలామంది పిల్లలకు ఫిజిక్స్ చదవనివాళ్ళే ఫిజిక్స్ చెబుతున్నారు. మన దగ్గరేమో ఫిజిక్స్ బాగా వచ్చినవాళ్ళలో ఎంతోమందిని కోచింగ్ సెంటర్లు ఎగరేసుకుపోతాయి. రెండు చోట్లా నష్టపోయేది ఆరో తరగతి పిల్లలే. నువ్వు ఇక్కడే స్థిరపడు, లేదా తిరిగి వెళ్ళిపో, అది నీ ఇష్టం. ఎక్కడున్నా బడి పిల్లలకే పాఠం చెప్పు తల్లీ.

ఇట్లు,
మీ పెద్దమ్మ