దీవిలో ఆరని దీపము

పాఠ్యభాగములు: యెషయా 42:1–4, అపొ. కార్యములు 16:11–15



పెండ్లికి పాత్రసామాను కొనుటకు మన గ్రామములనుండి హైదరాబాదులోని బేగం బజారునకు పోవువారు అనేకులు. ఆ ఇరుకు వీధులలో మూటలు మోయువారిని తప్పించుకొనుచు, మొజంజాహి మార్కెట్టు దాటి, ఆబిడ్సు వైపు నడచినయెడల చాపెల్ రోడ్డు చేరవచ్చును. మెథడిస్టు మిషనువారు 1895లో స్థాపించిన స్టాన్లీ బాలికల పాఠశాల ఆ రోడ్డుననే యున్నది. అంత గొప్ప బజారు ప్రక్కను మన సంఘము సముద్రములోని చిన్న దీవివలె కనబడును. మన పల్లెలలోనైతే చెప్పనక్కరలేదు. ఊరంతటిలో మనవి పది పన్నెండు ఇండ్లు. పాస్టరుగారికి చూడవలసిన గ్రామములు అనేకము. ఆయన రాని ఆదివారమున గుడికి తాళము పడుచున్నది. ఆయన లేనప్పుడు ఆరాధన ఎట్లు జరుగునని పెద్దలు అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు నిజమైన దీవిలోని యొక మెథడిస్టు సంఘము ఏమి జవాబిచ్చెనో ఈ నెల ధ్యానింతము.

1. యజమానుని యింట మొదలైన కూడిక

అమెరికా ఖండమునకు తూర్పున కరీబియను సముద్రములో ఆంటిగువా అను చిన్న దీవి కలదు. దాని వైశాల్యము సుమారు 280 చదరపు కిలోమీటర్లు. ఆ కాలమున దీవియంతయు చెరకు తోటలే. తోటలలో పని చేయువారు ఆఫ్రికానుండి బంధించి తేబడిన దాసులును, వారి సంతానమును. దొరల పొలములలో వెట్టి చేసిన మన తాతముత్తాతల కథలు వినినవారికి వారి బ్రదుకు కొంత తెలియును. అయితే ఆ దాసులు సంతలో పశువులవలె అమ్మబడుచుండిరి కూడ.

ఆ దీవి శాసనసభకు అధ్యక్షుడైన నతానియేలు గిల్బర్టు అను తోటల యజమానుడు జాన్ వెస్లీ వ్రాసిన పుస్తకమును చదివి కదిలింపబడెను. అతడు ఇంగ్లండు వెళ్లగా, 1758 జనవరిలో వెస్లీ అతని బసలో ప్రసంగించెను. అదే సంవత్సరము నవంబరులో గిల్బర్టు దాసులలో ఇద్దరికి వెస్లీ బాప్తిస్మమిచ్చెను. గిల్బర్టు 1759లో దీవికి తిరిగి వచ్చి, తన యింటనే దాసులను కూర్చుండబెట్టి వాక్యము చెప్పసాగెను. తోటి దొరలు నవ్విరి. అతడు లక్ష్యపెట్టలేదు.

ఇక్కడ మనము సత్యమును దాచరాదు. గిల్బర్టు బోధించుచునే దాసుల యజమానుడై యుండెను. క్రీస్తునందు సహోదరుడనిన నోటితోనే తన సొత్తు అనెను. దేవుడు లోపముగల పాత్రను వాడుకొనెను గాని లోపమును మంచిదనలేదు. ఆ దీవిలో దాస్యము 1834 ఆగస్టు 1న తొలగింపబడెను.

2. కాపరి లేని నాలుగేండ్లు

1774లో గిల్బర్టు మరణించెను. ఇంగ్లండునుండి మరియొక బోధకుడు రాలేదు. బోధించిన దొర పోయెను గనుక ఈ కూడికయు పోవునని చూచువారు తలంచియుందురు. అయితే ఆఫ్రికా సంతతివారైన ఇద్దరు స్త్రీలు ఆ మందను విడువలేదు. వారు సోఫియా క్యాంబెల్, మేరీ అల్లే. వారికి అభిషేకము లేదు, జీతము లేదు, మిషను బంగళా లేదు. ప్రార్థన కూటములను, క్లాసు కూటములను వారు మానక జరిపించిరి.

1778 ఏప్రిల్‌లో జాన్ బాక్స్టరు అను ఓడల వడ్రంగి ఆ దీవిలోని ఓడల కార్ఖానాకు పనికి వచ్చెను. అతడును పాదిరి కాడు, సాధారణ ప్రసంగీకుడే. పగలు కొయ్యపని చేసి, పని ముగిసిన తరువాత వాక్యము చెప్పుచుండెను. 1783లో సెయింట్ జాన్స్ పట్టణమున చిన్న గుడి కట్టబడెను.

1786 క్రిస్మసు దినమున వింత యొకటి జరిగెను. థామస్ కోక్ అను మెథడిస్టు నాయకుడు ముగ్గురు మిషనెరీలతో ఉత్తర అమెరికాలోని నోవా స్కోషియాకు ప్రయాణమైయుండెను. తుపానులు వారి ఓడను దారి తప్పించి ఆంటిగువాకు చేర్చెను. వారు తీరమున దిగి నడచుచుండగా, ఆరాధన జరిపించుటకు గుడికి పోవుచున్న బాక్స్టరు ఎదురాయెను. కోక్ ఆ ఉదయమే అక్కడ ప్రసంగించెను. అప్పటికే ఆ సంఘములో సుమారు రెండు వేలమంది యుండిరి. వారిలో మిక్కిలి యెక్కువమంది దాసులే. మిషనెరీలు వచ్చి సంఘమును పుట్టించలేదు. వారు వచ్చునప్పటికే సంఘమున్నది. ఆ ఇద్దరు స్త్రీలు నాలుగేండ్లు దీపమును కాపాడకపోయినయెడల బాక్స్టరునకు మంద ఎక్కడ దొరకును?

ఫిలిప్పీ పట్టణమున పౌలు మొదట చూచినదియు ఇట్టిదే. నదీతీరమున కొందరు స్త్రీలు ప్రార్థనకు కూడియుండిరి. లూదియ యిల్లే ఆ ఊరి సంఘమునకు మొదటి నీడ యాయెను.

3. దీవులనుండి మన నేలకు

ఆ కోక్‌గారే వృద్ధాప్యములో సింహళద్వీపమునకు, అనగా నేటి శ్రీలంకకు, బయలుదేరి 1814 మే 3న ఓడలోనే ప్రభువునందు నిద్రించెను. ఆయన వెంట వచ్చినవారు ఆ దీవి చేరి పని మొదలుపెట్టిరి. అక్కడినుండి 1817లో వెస్లియను మిషను మద్రాసునకు వచ్చెను. తరువాత సికింద్రాబాదునకు, అక్కడినుండి మెదకునకు ప్రాకెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయము ఆ వేరున పుట్టిన చెట్టే. ఆ సంఘములు 1947లో దక్షిణ ఇండియా సంఘములో చేరినవి.

అమెరికా మెథడిస్టుల శాఖ వేరొక దారిని వచ్చెను. 1870లో ఇండియాకు వచ్చిన విలియం టేలరు బొంబాయిలో విశ్వాసుల యిండ్లలోనే చిన్న కూడికలు ఏర్పరచి, సంఘము తన ఖర్చు తానే భరించవలెనని బోధించెను. ఆ శాఖ హైదరాబాదులోను వేరూని, పాఠశాలలతోను గ్రామ సంఘములతోను వ్యాపించినది. 1981 నుండి అది భారతదేశ మెథడిస్టు సంఘమను పేర స్వతంత్రముగా నడచుచున్నది. ప్రతి నవంబరులో ధారూరు జాతరకు బండ్లు కట్టుకొని పోయిన మన పెద్దలు ఈ రెండవ కొమ్మ ఫలమును ఎరుగుదురు.

4. మనకు పాఠము

వెస్లీ కాలమున, 1742లో, బ్రిస్టలు పట్టణపు గుడి అప్పు తీర్చుటకు సభ్యులను పన్నెండేసిమందిగా విభజించిరి. ప్రతివాడు వారమునకొక పెన్నీ ఇయ్యవలెను. నాయకుడు వారి యిండ్లకు పోయి దానిని పోగుచేయవలెను. అట్లు పోవుచుండగా వారి దుఃఖములు, శోధనలు అతనికి తెలిసెను. అప్పు తీర్చుటకు పుట్టిన ఏర్పాటు ఆత్మలను కాయు క్లాసు కూటమాయెను. మన తల్లులు వంటకు ముందు తీసిపెట్టు పిడికెడు బియ్యము ఆ పెన్నీవంటిదే. అయితే బియ్యము పోగుచేయుటకు వెళ్లిన మనము, ఆ యింటి జ్వరమును, అప్పును, అలుకను అడిగి తెలిసికొనుచున్నామా?

పాస్టరుగారు అవసరము లేదని మేము చెప్పుట లేదు. సంస్కారములకును బోధకును ఆయన కావలెను. అయితే ఆయన వచ్చువరకు ప్రార్థించుటకును, వాక్యము చదువుటకును, రోగిని చూచుటకును ఎవరి సెలవును అక్కరలేదు. మన సంఘములో చదువ నేర్చిన చెల్లెలున్నది, పాట ఎత్తు పెద్దమ్మ యున్నది. గుడి తాళపుచెవి వారి చేతికిచ్చుటకు మన పెద్దలు సందేహించుచున్నారు. సోఫియాకు, మేరీకి ఎవరును తాళపుచెవి ఇయ్యలేదు. అప్పటికి గుడియే లేదు.

ఆలోచించుటకు

1. పోయిన మూడు నెలలలో మన గుడి ఎన్ని ఆదివారములు మూయబడెను? ఎందుచేత?
2. వాక్యము చదివి ప్రార్థన నడిపింపగల ఇద్దరి పేర్లు చెప్పుడి. వారిలో ఒకరైనను స్త్రీయై యుండవలెను.
3. కూడికకు రావడము మానిన యింటికి ఈ వారము ఎవరు పోవుదురు?

ప్రార్థన

ప్రభువా, దీవులును నీ బోధకొరకు కనిపెట్టునని చెప్పితివి. కొద్దిమందిమైన మమ్మును విడువకుము. కాపరి దూరమున ఉన్న దినమున మాలో ఒకరినొకరు కాయు మనస్సు దయచేయుము. ఆమేన్.