కెట్టరింగు సభలు

శాస్త్రవిజ్ఞానమును ఆధారముగా గొని, ఇంకను జరుగని దానిని జరిగినట్లు కల్పించి చెప్పు కథలకు విజ్ఞానకల్పనా కథలని పేరు. ఇంగ్లండులో ఈ కథల పాఠకులు తామే చందాలు వేసికొని, ప్రతిఫలము గోరక పనిచేసి, ఏటేట సభలు జరుపుకొనుచున్నారు. అవి ఒక చిన్న ఊరిలో జరిగిన నాటి వృత్తాంతమును మన విద్యార్థులకు ఇచట తెలుపుచున్నాము.

1937 జనవరి 3వ తేదీన లీడ్సు నగరమున, దివ్యజ్ఞానసమాజ మందిరమందు ఒక సభ జరిగెను. వచ్చినవారు సుమారు ఇరువదిమంది. ఇదియే మొదటిదని వారందురు. 1936లో ఫిలడెల్ఫియాలో తాము ముందే కూడితిమని అమెరికావారు వాదింతురు. ఆ తగవు మనకు వలదు. లీడ్సుకు వచ్చినవారిలో పందొమ్మిదేండ్ల ఆర్థర్ క్లార్కు ఒకడు. భూమధ్యరేఖపై సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహములను నిలిపినచో లోకమంతటికిని వార్తలు పంపవచ్చునని 1945లో వ్రాసినవాడు ఇతడే. అట్టి ఉపగ్రహము ద్వారానే 1975-76లో మనదేశమున ఆరు రాష్ట్రముల పల్లెలకు దూరదర్శన కార్యక్రమములు అందినవి. వానిలో తెలుగు కార్యక్రమములును కలవు.

కెట్టరింగు నార్తాంప్టన్‌షైరులోని చిన్న పట్టణము. బూట్ల తయారీకి పేరు పొందినది. లండను నుండియు ఉత్తరపు ఊళ్లనుండియు రైలులో రాదగిన చోటు. 1955 ఈస్టరు సెలవులలో అచటి జార్జి హోటలులో పాఠకులు కూడిరి. ఊరి పూర్వనామమును బట్టి సభకు సైట్రికాన్ అని పేరిడిరి. 1958 వరకు వరుసగా నాలుగేండ్లు అచటనే కలిసికొనిరి. రచయితయు పాఠకుడును ఒకే బల్లయొద్ద కూర్చుండి వాదించుకొనుట ఈ సభలలోని సొగసు. పాత పత్రికలను వేలము వేయుటయు కలదు. తక్కిన ఏడాదియంతయు వీరిని కలిపి ఉంచినవి ఉత్తరములును, స్టెన్సిలు కాగితములపై అచ్చొత్తి పంచుకొను చిన్న పత్రికలును.

అయినను ఒక చింత వారిని బాధించెను. ఏటేట వచ్చువారు పాతవారే, క్రొత్తవారు అరుదైరి. కొలదిమంది కూడి తమకు ప్రియమైనదానిని నిలుపుకొనుటలోని కష్టము మన పాఠశాలవారికిని, వారి తల్లిదండ్రులకును తెలియనిది కాదు. స్నేహితులు కూడినంత మాత్రమున సభ సాగవచ్చును గాని, ఆ స్నేహితుల తరువాత దానిని నడుపువారెవరు? 1958 కెట్టరింగు సభలో దీనినే చర్చించి, క్రొత్త పాఠకులను చేరదీయుటకై బ్రిటిషు విజ్ఞానకల్పనా సంఘమును స్థాపించిరి. ఆ ఏడే వెక్టర్ అను పత్రిక వెలువడెను, రచయిత ఇ. సి. టబ్ దాని తొలి సంపాదకుడు. సంఘము నేటికిని కలదు.

1959లో సభ బర్మింగ్‌హాము నగరమునకు తరలెను.