ఎంతమందిల ఫస్టు? – పవర్ క్వెరీలో గుంపులవారీ ర్యాంకులు



చిన్నప్పుడు ఫస్టొచ్చానని ఇంటికెళ్లి చెబితే మా అమ్మ "ఎంతమందిల ఫస్టు బిడ్డా?" అని అడిగేది. అమ్మకు చదువు రాదు. మా ఇంట్లో డిగ్రీ గడప దాటిన మొదటివాణ్ణి నేనే. ర్యాంకు గురించి మొదట అడగాల్సింది ఆ ప్రశ్నేనని నాకు పీజీలో గానీ అర్థం కాలేదు.

2016 అక్టోబర్ 11కు ముందు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఆ రోజు మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. ఒక్క మార్కు మారకపోయినా జిల్లా ర్యాంకు మారిపోయింది, ఎందుకంటే గుంపు మారింది. రేపు ఉద్యోగాల దగ్గరా ఇదే లెక్క. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జిల్లా, జోన్, మల్టీజోన్ పోస్టుల్లో ప్రత్యక్ష నియామకాలకు 95 శాతం స్థానికులకే. మన మూడు జిల్లాలూ జోగులాంబ జోన్‌లో ఉన్నాయి. కాబట్టి మొత్తం జాబితాలో మీ సంఖ్య ఎంతన్నది సగం సంగతే.

ఒక ఉదాహరణ అనుకుందాం. పదో తరగతి మార్కులు ఇలా ఉన్నాయి: గద్వాలలో 520, 511, 511, 498. వనపర్తిలో 533, 511. నాగర్‌కర్నూల్‌లో 527, 520. మొత్తం ఎనిమిది మందిలో గద్వాల 520 మార్కులవాడు మూడో ర్యాంకు, అదీ ఇంకొకరితో కలిసి. గద్వాలలో మాత్రం ఫస్టు.

ఎక్సెల్‌లో పట్టికను ఎంచుకుని, డేటా మెనూలో 'ఫ్రమ్ టేబుల్' నొక్కితే పవర్ క్వెరీ తెరుచుకుంటుంది. అక్కడ 'గ్రూప్ బై' నొక్కి, ఊరు ఉన్న నిలువు వరుసను ఎంచుకుని, ఆపరేషన్ దగ్గర 'ఆల్ రోస్' పెట్టండి. ఎనిమిది వరుసలు మూడవుతాయి. భయపడకండి, డేటా ఎక్కడికీ పోలేదు. ఒక్కో ఊరి పక్కన ఒక చిన్న పట్టిక మడతపెట్టి ఉంటుంది, అంతే. ఇప్పుడు ఆ చిన్న పట్టికలకు విడివిడిగా ర్యాంకు వేసి, మళ్లీ విప్పాలి.

నేను తప్పు చేసింది ఇక్కడే. పోయినేడు బహుమతుల జాబితా తయారు చేసే పని నాకిచ్చారు. ప్రతి గుంపునూ మార్కుల క్రమంలో పేర్చి, 'ఇండెక్స్ కాలమ్'తో 1, 2, 3 అని నంబర్లు వేశాను. బహుమతులు రెండో స్థానం వరకే. సభ అయ్యాక ఒక తమ్ముడు కాగితం పట్టుకొచ్చి "అన్నా, నాయి గూడ అన్నే మార్కులు గదా" అన్నాడు. నిజమే. ఇద్దరికీ సమానం. జాబితాలో వాడి పేరు కింద ఉంది కనుక మూడోవాడయ్యాడు! ఇండెక్స్ వరుసలను లెక్కపెడుతుంది, మార్కులు చూడదు. మర్నాడు ఇంకో పుస్తకం కొనిచ్చాను గానీ, వేదిక మీద పేరు పిలవడం అయిపోయింది కదా.

కొత్త ఎక్సెల్‌లో దీనికి 'టేబుల్ డాట్ యాడ్ ర్యాంక్ కాలమ్' అనే ఫంక్షన్ ఉంది. సమానమైనవారిని ఏం చేయాలో అందులోనే చెప్పవచ్చు. గద్వాల గుంపులో 'కాంపిటీషన్' అంటే 1, 2, 2, 4. 'డెన్స్' అంటే 1, 2, 2, 3. 'ఆర్డినల్' అంటే 1, 2, 3, 4, అంటే నా పాత తప్పే. క్రమం 'డిసెండింగ్' అని తప్పక రాయండి, లేకపోతే అందరికన్నా తక్కువ మార్కులవాడు ఫస్టు వస్తాడు. ఈ ఫంక్షన్ లేని పాత ఎక్సెల్ అయితే, ఆ గుంపులో తనకన్నా ఎక్కువ మార్కులు వచ్చినవారిని లెక్కించి ఒకటి కలపండి. కాంపిటీషన్ ర్యాంకుకు అర్థం అదే. కాగితం మీదా చేయొచ్చు.

సమానాన్ని విడదీయాల్సి వస్తే రెండో కొలమానం ఇవ్వాలి. ఇంజనీరింగ్ ఎంట్రన్సులో మొత్తం మార్కులు సమానమైతే ముందు గణితం మార్కులు చూస్తారు. ఇక్కడా మార్కుల తర్వాత గణితాన్ని చేర్చవచ్చు. వయసు పెద్దవాడు ముందుండాలంటే పుట్టిన తేదీని 'అసెండింగ్'లో ఇవ్వాలి. కానీ ఆ నియమం ఏదో మార్కులు చూడకముందే నోటీసు బోర్డులో పెట్టాలని నా అభిప్రాయం. జాబితా చూశాక పెట్టే నియమాన్ని ఎవరూ నమ్మరు.

ఇంకో చిక్కు టైపింగ్‌లో ఉంది. 'గద్వాల' తర్వాత పొరపాటున ఒక ఖాళీ పడితే అది వేరే ఊరైపోతుంది. ఆ ఒక్కడే ఆ గుంపులో ఫస్టు! ముందుగా 'ట్రిమ్' చేయండి. మార్కుల నిలువు వరుస టెక్స్టుగా ఉంటే 98 వచ్చినవాడు 511 వచ్చినవాడి పైకెక్కుతాడు. దాన్ని నంబరుగా మార్చండి.

పై ఎనిమిది వరుసలను కంప్యూటర్ ల్యాబులో టైపు చేసి చూడండి. వనపర్తి 511కు గుంపులో రెండో ర్యాంకు, మొత్తంలో ఇంకో ఇద్దరితో కలిసి ఐదో ర్యాంకు రావాలి.